మోకు మీద ఒట్టు

కొండతోట, బోథ్
14 మార్చి 1954

దేవవ్వక్కకు తమ్ముడు రాయమల్లు దండాలు. మొండయ్య బావను అడిగానని చెప్పు. నేను క్షేమమే, ఇక్కడి నీళ్లు మాత్రం పడటం లేదు. దగ్గు.

కల్లు తెలిసిన మనిషి కావాలని బోథ్ నుంచి కబురు వస్తే, నువ్వు వద్దన్నా వినకుండా బయలుదేరాను కదా. వచ్చి చూస్తే గీయడానికి ఒక్క తాడిచెట్టు లేదు! అంతా ద్రాక్ష. కొండవాలు మీద రాళ్లు పేర్చి మెట్లు మెట్లుగా కట్టి, ఆ మెట్ల మీద నల్ల ద్రాక్ష తీగలు పాకించారు. వాన నీరు నిలవకుండా కిందికి దిగిపోతుంది. పొద్దున్నే ఎండ తగులుతుంది. పైన చలి ఎక్కువ, ఆ చలికే పండుకు రంగు ఎక్కుతుందట. ఇదంతా మక్బూల్ చెప్పాడు. దౌలతాబాద్ నుంచి వచ్చిన తోటమాలి, ముప్పై ఏళ్లుగా ఈ తీగలనే చూసుకుంటున్నాడు.

తోట గంగుబాయిది. మరాఠీ ఆమె, అరవై దాటింది, భర్త లేడు. ఆయన వెనకట ఎవరో నవాబు వెంట ఫ్రాన్సు దేశం పోయి, అక్కడ కొండవాలు ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ తాగి, ఒక సీసా భార్యకు తెచ్చాడట. అట్లాంటిదే మన కొండ మీద చేస్తానని ఈ తోట వేశాడు, చేయకుండానే పోయాడు. ఇప్పుడు ఆమె పట్టుబట్టింది. మక్బూల్ మందు నాలుకకు తగలనివ్వడు. అందుకని కల్లు తెలిసిన నాలుక కావాలని నన్ను పిలిపించింది.

"అరే బాబా, నడుమల ఇడిసిపెట్టి పోతవేమో" అంది. నాకు పౌరుషం వచ్చింది. నా మోకు తెచ్చి ఆమె ముందు పెట్టి, దాని మీద చెయ్యేసి, "గీ ద్రాక్ష కల్లు తయారై, నువ్వు తాగి బాగుందనేదాక కొండ దిగ" అని ఎల్లమ్మ సాక్షిగా ఒట్టేశాను. ఎంతసేపక్కా? సాయంత్రం చెట్టుకు లొట్టి కుండ కడితే తెల్లారేసరికి కల్లు. ద్రాక్ష కాబట్టి మూడు దినాలనుకో, వారమనుకో. ఉగాదికి ఇంట్లో ఉంటాను. అప్పటిదాకా బాపు చెట్లు బావను ఎక్కమను.

నీ తమ్ముడు
రాయమల్లు

మంథని
9 ఏప్రిల్ 1954

తమ్మీ రాయమల్లుకు, అక్క దేవవ్వ చెప్పగా పంతులుగారి భార్య అనసూర్య రాస్తున్నది. బాపు నిన్ను బడికి పంపాడు, నన్ను బర్రెల వెంట పంపాడు. ఈ ముక్క కూడా రాయమన్నాను, ఆమె నవ్వుతూ రాస్తున్నది.

ఉగాది వచ్చింది, పోయింది. నీకని తీసిపెట్టిన భక్ష్యాలు ఎండి చెక్కలయ్యాయి.

ఓరి తెలివితక్కువవాడా, మోకు మీద ఒట్టేసే సంగతా అది? చెట్టు మీద మనిషిని పట్టుకుని ఉండేది మోకు ఒక్కటే. దాని మీద పెట్టిన ఒట్టు తప్పి మళ్లీ చెట్టెక్కితే అది నడుము పట్టదని బాపు ఎన్నిసార్లు చెప్పాడు? ఇద్దరం పక్కపక్కనే కూర్చుని విన్నాం కదరా. పంతులుగారిని అడిగితే పుస్తకం చూసి చెప్పాడు, ఆ వైన్ అనేదాన్ని ఏడాదీ రెండేళ్లూ మూతవేసి ఉంచుతారట! నీకెవరన్నా చెప్పారా? నువ్వు అడిగావా? అడగకుండానే ఒట్టేశావా?

బావ ఎక్కుతున్నాడు. మనకున్నవి నీ పేరున ఉన్న బాపు చెట్లు ఇరవై అయిదే. వాటి మీదే నువ్వూ, నేనూ, ఇద్దరు పిల్లలూ. ఆయన చెన్నూరు నుంచి ఇల్లరికం అల్లుడిగా వచ్చిన మనిషి, మోకాళ్లు వాచినా నీ చెట్టు ఎండనివ్వటం లేదు. తొందరగా రా.

దేవవ్వ

కొండతోట
20 ఆగస్టు 1954

అక్కా, అక్షరాలు అనసూర్యమ్మవే అయినా తిట్లు మాత్రం అచ్చంగా నీవే. అందాయి.

పంతులుగారు చెప్పింది నిజం. గంగుబాయి భర్త రాసుకున్న నోటుబుక్కు ఉంది. నేను ఒట్టేసిన మర్నాడు తీరిగ్గా చదివి వినిపించింది! రసాన్ని తొక్కలతోనే ఎనిమిది రోజులు జాడీల్లో ఉంచాలి, ఎరుపు ఆ తొక్కల నుంచే దిగుతుంది. తర్వాత వడగట్టి, మూతపెట్టి, మైనం పోసి, ఏడాదిదాకా దాని మొహం చూడొద్దు. అయినా ఏడాదే కదా అని సర్దిచెప్పుకున్నాను.

కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెల్లారగానే లొట్టిలోకి తొంగిచూసే అలవాటు ఊరుకుంటుందా? రోజూ మైనం గీరి, మూత తీసి, వాసన చూసి, చుక్క నాలుక మీద వేసుకుని మళ్లీ మూసేవాణ్ణి. ప్రాణమున్న సరుకు, చూడకుండా ఎట్లా వదిలేస్తాం? గాలి తగిలి తగిలి అయిదు జాడీలూ పులిసి చెడిపోయాయి. మక్బూల్ వంగి వాసన చూసి, "మల్లూ, గిది అచార్లకు పనికొస్తది, ఇంక దేనికీ పనికి రాదు" అన్నాడు. గంగుబాయి లోపలికి పోయి తలుపేసుకుంది.

ద్రాక్ష మళ్లీ పండేది మార్చిలో. ఆ తర్వాత ఇంకో ఏడాది. బావకు నువ్వే చెప్పు, నాకు మొహం లేదు.

రాయమల్లు

మంథని
18 అక్టోబర్ 1954

తమ్మీ, పులిసిందని ఏడుస్తున్నావా? పులవకపోతే అది కల్లెట్లా అవుతుందిరా! మన ఇంట్లో పుట్టినవాడు పులుపుకు భయపడి కొండ మీద కూర్చున్నాడంటే కోళ్లు కూడా నవ్వుతాయి. పులిసినదాన్నే చెంబులో పోసి ఆమెకు ఇవ్వకపోయావా?

ఇక్కడ ఎవరూ నమ్మటం లేదు. నేనూ నమ్మటం లేదు. పత్తి బండ్లతో బోథ్ పోయి వచ్చినవాళ్లు ఏమన్నారో తెలుసా? "మీ తమ్ముడు బంగ్లా అరుగు మీద కూసొని సీసలు నాకుతుండు, బుగ్గలొచ్చినయ్" అన్నారు. రావాలని లేకపోతే రానని రాయి. ఎల్లమ్మను అడ్డం పెట్టుకోకు.

బావ పక్కనే ఉన్నాడు. "పోరన్ని తిట్టకు, ఒట్టు ఒట్టే" అంటున్నాడు. ఈయన మంచితనంతోనే నేను వేగలేకపోతున్నాను.

దేవవ్వ

కొండతోట
2 జూన్ 1955

అక్కా, నీ ఉత్తరం అందాక ఏడు నెలలు రాయలేదు. కోపమొచ్చింది. నేను బుగ్గలొచ్చి కూర్చున్నానా? ఒకసారి వచ్చి చూడు, మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. కల్లు పులుపు వేరు, ఇది వేరు. ఇది చెడితే నోట్లో పోసుకున్నవాడు ఊసేస్తాడు. నీకు అబద్ధం చెప్పి నేనేం బావుకుంటాను?

ఇంకో సంగతి చెబితే మళ్లీ తిడతావు. ఈసారి పులవనిచ్చేది లేదని పట్టుదల పట్టాను. నీరా తియ్యగా ఉండాలంటే మనం లొట్టి లోపల సున్నం పూస్తాం కదా. ఎవరికీ చెప్పకుండా నాలుగు జాడీలకూ దట్టంగా సున్నం పూసి రసం పోశాను. ఏమైంది? ఎర్రగా ఉండాల్సింది బూడిదనీళ్లయింది. నోట్లో పోసుకుంటే గోడ నాకినట్టుంది. మక్బూల్ నెత్తి పట్టుకుని, "అరే, ద్రాక్షను బొందపెట్టినవ్ గదరా!" అన్నాడు.

గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అక్కడి నుంచి బోథ్ బజారు కనిపిస్తుంది, ఆదిలాబాద్ పోయే బస్సు కనిపిస్తుంది. దాని దుమ్ము అణిగేదాకా చూస్తుంటాను. కొండ దిగనన్నాను కాబట్టి బజారుకు కూడా పోను, ఉప్పూ పొగాకూ మక్బూలే తెస్తాడు. ఇక్కడ తాళం లేదు, కాపలా లేదు, తోటకు గేటు కూడా లేదు. అయినా జైలే అక్కా.

రాయమల్లు

మంథని
4 డిసెంబర్ 1955

తమ్మీ, గుండె గట్టి చేసుకుని చదువు. బావ పడ్డాడు.

గోదారి ఒడ్డున ఉన్న పెద్ద తాడి మీంచి. మంచుకు తడిసిన మొద్దు మీద కాలు జారింది. ప్రాణం దక్కింది కానీ నడుము కింద చచ్చుబడింది. బండి కట్టుకుని కరీంనగర్ దాకా తీసుకుపోయి చూపించాం. ఇక లేవడన్నారు. పిల్లలు కాళ్లు ఒత్తుతుంటే, "ఒత్తిన్రా, నాకు తెలుస్త లేదు బిడ్డా" అంటున్నాడు.

కులపెద్ద గంగయ్య పెద్దనాన్న వచ్చాడు. ఈ చలికాలమంతా తలా ఒక చెయ్యి వేసి గీసి పోస్తామన్నాడు. పోయేముందు చెప్పాడు: "ఊరిడిసినోని చెట్లు మూడో దసరా ముంగట పంచుకోవాలె, గిది తాతల నాటి కట్టుబాటు. రాయమల్లు వచ్చి మోకు కడితే చెట్లు ఆనియే. రాకపోతే నా చేతుల ఏం లేదు బిడ్డా." వచ్చేదే మూడో దసరా. దాని ముందు ఆదివారం ఎల్లమ్మ గుడి దగ్గర వంతులు వేసి చెట్లు పంచుతారు.

ఒట్టు తప్పి రా అనడానికి నాకు నోరు రావటం లేదు. ఒట్టు తప్పి చెట్టెక్కితే నువ్వూ పడతావు. బావను ఎత్తుకొచ్చిన చేతులతో నిన్ను ఎత్తలేను. నువ్వు రాకపోతే చెట్లు పోతాయి, పిల్లలకు గంజి ఉండదు. ఎటు చూసినా గోడే. ఆ ముసలమ్మ కాళ్లు పట్టుకో తమ్మీ. బాగుంది అనే ఒక్క మాట! దానికి ఇంత ఏడిపించాలా?

నేను అనసూర్య దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఇంట్లో కష్టం మాటిమాటికీ పరాయి చేత రాయించాలంటే సిగ్గుగా ఉంది.

దేవవ్వ

కొండతోట
22 జూలై 1956

అక్కా, ఇన్నాళ్లూ ఏం రాయాలో తెలియలేదు. బావ ఎక్కింది నా చెట్టు, పడాల్సింది నేను.

ఒక సంగతి జరిగింది. నేను సున్నం పూస్తున్న ఏడాది, మక్బూల్ నా మీద నమ్మకం లేక ఒక జాడీ రసం పక్కకు తీసి, మైనం పోసి, గడ్డి కింద దాచాడట. ఏడాది నిండిందని మార్చి దాటాక బయటికి తీశాడు. పాత్రలోకి వంచితే ఎంత ఎరుపో! మొదట వగరు, వెనకాల కాస్త పులుపు, మింగాక వాన పడ్డ రాళ్ల వాసన. ఇది ఈ కొండదేనని నోటికి తెలిసిపోతుంది. తయారైంది అక్కా. నా నాలుక అబద్ధం చెప్పదు.

గంగుబాయి ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "అది కాదు బాబా" అంది.

ఆ రుచి ఎట్లా ఉంటుందో తెలిసింది ఈ లోకంలో ఆమె ఒక్కదానికే. మిగిలింది సీసాలకెత్తి మైనం పోశాం, వారం వారం ఒకటి తీసి గ్లాసు పట్టుకుని పోతున్నాను. వారం వారం అదే మాట. కాళ్లు పట్టుకున్నాను. "బాగుందను బాయీ, నీకు పుణ్యముంటది" అంటే, "నేను అబద్ధమాడితే నీ ఒట్టు తీరుతదా?" అంది. అదీ నిజమే. బావ సంగతి ఆమెకు చెప్పలేదు. జాలిపడి అన్న మాట ఒట్టుకు చెల్లదు.

వంతుల నాటికి నేను రాలేను. ఇక నా మీద ఆశ పెట్టుకోకు. నేను చచ్చాననుకో అక్కా. చచ్చాననుకుని నీకు తోచిన దారి చూసుకో.

రాయమల్లు

కొండతోట
8 అక్టోబర్ 1956

అక్కా! అక్కా! ఒట్టు తీరింది!

నిన్న పొద్దున గంగుబాయి తనే పిలిచింది. బావ పడ్డ సంగతి మక్బూల్ చెప్పేశాడట. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. "నాకు ఆ రుచి యాదిలేదు బాబా" అంది. నాకు అర్థం కాలేదు. "ఒక్క సీస, ముప్పై ఏండ్ల కింద. ఎన్నడో మరిసిపోయిన. మరిసిపోయిన అని ఒప్పుకుంటే ఆయన మళ్లొకసారి పోయినట్టయితది. అందుకే అది కాదు, అది కాదు అనుకుంట వచ్చిన" అంది. ఏం చేయాలి అక్కా అట్లాంటి మనిషిని? తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను.

తర్వాత గ్లాసు నిండా పోయించుకుని మెల్లగా తాగింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. తోట వైపు చూస్తూ, "గిది మన కొండది. బాగుంది" అంది. జాలితో అన్న మాట కాదు. ఇంకో అరగ్లాసు అడిగింది!

నిన్ననే వంతుల ఆదివారం అని నాకు తెలుసు. అయినా గంగయ్య పెద్దనాన్న పంచిన చెట్లు కూడా అడిగి ఇప్పిస్తాడు, రాయి మనసు కాదు. మూట సర్దుకుంటున్నాను. దసరా మంచి దినం, ఆ రోజే బయలుదేరతాను. బావకు చెప్పు, ఇక నేనెక్కుతాను.

నీ తమ్ముడు
రాయమల్లు

మంథని
9 అక్టోబర్ 1956

తమ్మీ,

గిది నేనే రాస్తున్న. అనసూర్యకు సుత సూపెట్టలే. తప్పులుంటే ఉండనీ.

మొన్న ఆయితారం ఎల్లమ్మ గుడి కాడ అందరు కూసున్నరు. గంగయ్య పెద్దనాయిన "రాయమల్లు రాలే. ఇగ చెట్లు పంచుదమా?" అన్నడు. పిల్లలు నా కొంగు పట్టుకొని ఉన్నరు. నాకేమైందో తెల్వదు, లేసి నిలబడ్డ. "రాలేదనకుండ్రి. నా తమ్ముడు సచ్చిపోయిండు" అన్న.

నువ్వే రాసినవ్ గద, సచ్చిననుకో అని. అనుకున్న.

ఊరిడిసినోని చెట్లయితే పంచుకుంటరు. సచ్చినోని చెట్లు మాత్రం ఆ ఇంటియే. పిల్లలు ఎదిగేదాక కులపోళ్లు వంతులేసుకొని గీసి, కల్లు ఇంటికి తెచ్చి పోస్తరు. ఆ కట్టుబాటు నీకు సుత ఎరుకే.

ఒకడు లేసి "ఎప్పుడు సచ్చిండు? ఎవలు సూసిన్రు?" అని అడిగిండు. గంగయ్య పెద్దనాయిన నా మొకం దిక్కు శానసేపు సూసిండు. "నాకు సుత తెలిసింది. జరమొచ్చి పోయిండట, పత్తి బండ్లోళ్లు చెప్పిన్రు" అన్నడు. ఆయనకు ఎవలు చెప్పలే తమ్మీ. నాకోసం, పిల్లలకోసం, ఎల్లమ్మ ముంగట అబద్ధమాడిండు.

చెట్లు నిలబడ్డయ్. వచ్చే బుధారం పదకొండో దినం, గోదారి రేవు కాడ నీ పేరు మీద కాకి ముట్టాలెనని పిట్టకు పెడుతున్నం. నీ బావ నాతోని మాట్లాడుత లేడు, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

మంచి చేసిన్నో చెడ్డ చేసిన్నో నువ్వే చెప్పు. వద్దు, చెప్పకు. సచ్చినోడు ఉత్తరం రాయడు.

నీ అక్క

మంథని
16 అక్టోబర్ 1956

తమ్మీ, నీ ఉత్తరం ఇయ్యాల అందింది. పోస్టు మనిషి "గిది మీ తమ్ముని అక్షరం లెక్కనే ఉన్నది" అన్నడు. ఎన్నడో ఏసిందట, ఆలస్యమైంది అని చెప్పిన. చదివి పొయ్యిల పెట్టిన.

రా అని రాయాలె అని చెయ్యి గుంజుతున్నది. రాకు. నువ్వు కండ్ల పడితే చెట్లు పోతయ్, గంగయ్య పెద్దనాయిన నలుగురిల తల దించుకుంటడు. ఎనిమిది దినాలు ముందుగాల ఆ ముసల్ది నోరు తెరిస్తే ఏం పోయింది తమ్మీ? రాకు. ఉత్తరం సుత రాయకు.

కొండతోట
2 నవంబర్ 1956

అక్కా, రాయకు అన్నావు. ఇదొక్కటి రాస్తున్నాను. కవరు మీద అక్షరాలు మార్చాను, పంపింది మక్బూల్ అని ఉంటుంది. ఎప్పుడన్నా రాయాల్సి వస్తే ఇక ఆ పేరే.

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం బయలుదేరే పొద్దున అందింది. చదివి కూడా బయలుదేరాను. దాచడమెందుకు, కోపంతోనే బయలుదేరాను. నన్ను చంపడానికి నీకు మనసెట్లా వచ్చిందని నలుగురిలో అడుగుదామనుకున్నాను. బుధవారం పొద్దున చెన్నూరు వైపు నుంచి పడవెక్కి గోదావరి దాటాను. గొంగడి నెత్తి మీంచి కప్పుకుని, రేవులో దిగిన జనంలోనే కూర్చున్నాను.

ఇస్తరాకులో అన్నం, చేపల కూర, పక్కన ముంతలో కల్లు పెట్టారు. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎందుకు దిగుతాయి, చచ్చినవాడు ఇరవై గజాల అవతల ఆకలితో కూర్చుని ఉన్నాడు కదా! నాకు నవ్వు వచ్చింది. నీ మొహం చూశాక పోయింది. ఎంత చిక్కిపోయావక్కా. జనం గుసగుసలు మొదలుపెట్టారు. "పోరనికి ఏదో కోరిక మిగిలింది" అన్నారెవరో. నువ్వు పెద్దపిల్ల భుజం పట్టుకున్నావు.

అప్పుడు గంగయ్య పెద్దనాన్న ముందుకు వచ్చి, తలగుడ్డ తీసి, చేతులు జోడించాడు. "రాయమల్లూ, నీ చెట్లు పరాయోళ్లకు పోవు బిడ్డా. నీ అక్కను, బావను, పోరగాండ్లను మేం సూసుకుంటం. మీ ఇంట్ల లొట్టి ఒక్కనాడు సుత ఎండది. ముట్టు బిడ్డా" అన్నాడు. వెనక నిలబడ్డ అందరూ "సూసుకుంటం" అన్నారు. నాకు బుగ్గలొచ్చాయన్నవాళ్లు కూడా అన్నారు.

కాకి దిగింది.

ఆ మాట వినకపోతే గొంగడి తీసేవాణ్ణే. నేను బతికి వచ్చి ఎంత గీసినా నీకు ఒక్కణ్ణే, రేపు మంచులో బావలాగే జారొచ్చు. చచ్చాను కాబట్టి ఊరంతా నీకు తమ్ముళ్లయ్యారు. నువ్వు చేసింది మంచే. బావకు కూడా చెప్పు, నేనే చెప్పమన్నానని. మధ్యాహ్నం పడవకు తిరిగి పోయాను. రాకు అన్న నీ ఉత్తరం కొండకు చేరాకే చూశాను.

కొండ ఎక్కుతుంటే ఈసారి ఒట్టు లేదు, అడిగేవాళ్లు లేరు. పోవడానికి చోటు లేదు, అంతే. గంగుబాయి సంతోషపడి, "మీ ఊళ్ల అందరు మంచిగున్నరా?" అంది. మంచిగున్నారన్నాను. మక్బూల్ కత్తెర చేతికిచ్చాడు. తీగలు కత్తిరించే రోజులు.

ఏడుపొస్తే ఆపుకోకు అక్కా. వాకిట్లో కూర్చుని గొంతెత్తి ఏడువు, నీకు అడ్డు లేదు, తమ్ముడు పోయాడు పాపం అంటారు. ఇక్కడ నేను ఏడిస్తే ఎవరు పోయారని అడుగుతారు. ఏమని చెప్పను?

ఇట్లు
మక్బూల్